అంగడికి పోయినట్టు దవాఖానకు పోయినం

ఆ పొద్దు మా ఆయన తలకు రుమాల కట్టుకుంటుంటే చెయ్యి నడుమనే ఆగిపోయింది.

మాది ఆత్మకూర్ (ఎస్) దిక్కు పల్లె. గొర్ల మంద ఉన్నది. తెల్లారి దొడ్డి తడక తీసే ముందు రుమాల చుట్టుకునుడు ఆయనకు చిన్ననాటి అలవాటు. అద్దం అక్కెర లేదు, నాతోని మాట్లాడుకుంటనే చుట్టేస్తడు. ఆ దినం ఒక చుట్టు చుట్టినంక కుడిచెయ్యి జారి కిందికి పడ్డది. రుమాల భుజం మీదికి ఊడింది. ఏమైందయ్యా అంటే ఏదో అన్నడు గని మాట ముద్దగ వచ్చింది. మూతి ఒక పక్కకు పోయింది.

గాలి సోకిందనుకున్నం. నూనె కాచి రుద్దుకుంట కూసున్నం. కోదాడల ఉండే మా బిడ్డకు ఫోన్ చేస్తే, ఆ నూనె గిన్నె పక్కన పెట్టి ముందు ఆటో ఎక్కించమని నా మీద కేకలేసింది. సూర్యాపేటల దవాఖానకు పోయేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. సీటీ స్కాన్ తీసినంక డాక్టరు సారు, "ఇది స్ట్రోక్ అమ్మా. బ్రెయిన్‌ల ఎడమ పక్క క్లాట్ ఉన్నది, అందుకే కుడి పక్క పడిపోయింది. మూతి వంకర పోంగనే తెస్తే క్లాట్ కరిగే ఇంజక్షన్‌కు టైం ఉండేది" అన్నడు. బీపీ ఎప్పటి నుంచి ఉన్నదని అడిగిండు. మాకేమెరుక? గొర్లకు టీకాలు తప్పకుంట ఏయించినం గని, ఆయనకు బీపీ ఏనాడు చూపియ్యలే.

దవాఖాన నుంచి వచ్చినంక మిర్యాలగూడల మా చెల్లె ఇంట్ల ఉన్నం. ఆడ ఫిజియోథెరపీ దగ్గర. రబ్బరు బంతి పిసుకుడు, గోడ మీద వేళ్ళు పాకించుడు, రెండు కట్టెల నడుమ నడుసుడు. నడక ఒక రీతికి వస్తున్నదనంగ ఫిట్స్ వచ్చినయ్. మళ్ళ మంచాన పడ్డడు, నేర్చింది మళ్ళ మొదటికి వచ్చింది. ఆయన ఏడ్వలే. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. రెండో రోజు తనే లేచి, "ఆ కట్టెల కాడికి తీస్కపో" అన్నడు. గంత మొండోడు.

కాలు ఈడ్చుకుంటనన్న నడిచేటట్టు అయినంక ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, చేతిల గ్రిప్ ఇంతకన్న రాకపోవచ్చని చెప్పింది. సదరం క్యాంపుకు పెట్టుకోమన్నది. పెద్ద దవాఖానల పెట్టే ఆ క్యాంపుల డాక్టర్లు చూసి వైకల్యం ఎంతున్నదో లెక్కకట్టి సర్టిఫికెట్ ఇస్తరట. నలభై పర్సెంట్ దాటితేనే పింఛనుకు, బస్సు పాసుకు పనికొస్తదట. మాకు అది కావాలె. మంద సగం దవాఖానల పాలైంది, బీపీ గోలీలు, ఫిట్స్ గోలీలు జన్మంతా మింగాలె. అల్లుని ముందల చెయ్యి చాపనని మా ఆయన మంచంల ఉన్నప్పుడే చెప్పిండు.

మా ఊరికి తిరిగొచ్చి మీసేవల స్లాట్ పెట్టినం. క్యాంపు దినం దగ్గరికొచ్చినకొద్ది ఆయన నడక పెంచిండు. దొడ్డి నుంచి వాకిట్లకు, వాకిట్ల నుంచి దొడ్డికి. పెద్ద సార్ల ముందు నిలబడాలె గద అన్నడు. నేను తెల్లంగి ఇస్త్రీ చేపిచ్చిన, గడ్డం గీపిచ్చిన, రుమాల కట్టి కొసలు సర్దిన.

క్యాంపుల నన్ను తలుపు కాడనే ఆపిండ్రు. ఈయన రొమ్ము ఇరుసుకొని లోపలికి నడిచిండు. కాలు ఈడ్సుతున్నట్టే కనబడలే. డాక్టరు చెయ్యెత్తమంటే భుజంతోని ఊపి ఎత్తిండు. అన్నం నువ్వే తింటవా తాతా అంటే తింట సారూ అన్నడు. అంగీ తొడుక్కుంటవా అంటే తొడుక్కుంట అన్నడు. అన్నం ముద్ద కలిపి పెట్టేదాన్ని, గుండీలు పెట్టేదాన్ని నేను తలుపు కాడ నిలబడి వింటున్న. నాకు ఆ ఘడియల గర్వమే అయింది, దాపెట్టుడు ఎందుకు? మంచంల నుంచి లేచిన మనిషి గిట్ల నడుస్తడని ఎవరనుకున్నరు?

సర్టిఫికెట్ల నలభై కన్న తక్కువ పడ్డది. డాక్టరుది తప్పు లేదు, ఆయనకు కనబడింది రాసిండు.

మళ్ళ అర్జీ పెట్టుకోవచ్చని మీసేవ అబ్బాయి చెప్పిండు. మా బిడ్డ కోదాడ నుంచి వచ్చి, "నాన్నా, ఈసారి కొంచెం ఎక్కువ చేసి చూపించు, అందరూ చేసేదే" అన్నది. అంతే, ఈయన కంచం నూకేసి లేచిండు.

"లేనిది సూపియ్య. కుంటుకుంట పోయి అడుక్కుంటనా? గీ పింఛను వద్దు, ఏమొద్దు."

మూడు పూటలు నాతోని మాట్లాడలే. నాలుగో పూట దొడ్డి కాడ కూసున్నప్పుడు మెల్లగ అడిగిన.

"అమ్మనీకి అంగడికి పోతే ఏ గొర్రెను ముందల నిలబెడతవయ్యా?"

"మంచిదాన్ని."

"కొమ్ములకు నూనె రాసి, మెడ ఎత్తి పట్టుకుంటవ్. మరి పశువుల డాక్టరు ఊర్లెకు వస్తే?"

ఎడమ చేత్తోని పక్కనున్న గొర్రెపిల్ల మెడ నిమిరిండు.

"కాలు కుంటేదాన్ని పట్టుకొస్తవ్. అది అడుక్కునుడా? దానికున్న బాధ సూపుడే గద. నువ్వు దవాఖానకు అంగడికి పోయినట్టు పోయినవ్. నేనే నీ కొమ్ములకు నూనె రాసి తోలిన."

గొర్ల దిక్కు తల తిప్పి, "అంటే నన్ను గొర్రెను జేసినవ్" అన్నడు.

"పొట్టేలునే జేసిన, పో" అన్న. నవ్విండు. స్ట్రోక్ వచ్చినంక మూతి రెండు దిక్కులా కదిలి నవ్వింది అప్పుడే చూసిన.

రెండోసారి రోజు కట్టుకునే బట్టలతోనే పోయినం. రుమాల కట్టలే, నా చేతిల పట్టుకున్న. ఈసారి డాక్టరమ్మ ఉన్నది, ఇంట్ల ఎవరు చూసుకుంటరని అడిగి నన్ను గూడ లోపలికి రమ్మన్నది. "ఏం పని చేసుకోలేకపోతున్నవు పెద్దాయనా?" అని అడిగింది.

ఆయన నా చేతిల రుమాల దిక్కు చూసి, "రుమాల కట్టుకోలే అమ్మా" అన్నడు.

కట్టి చూపియ్యమన్నది. ఎడమ చేత్తోని చుట్టు తిప్పిండు. కుడి వేళ్ళు కొస పట్టలే, జారింది. మళ్ళ తిప్పిండు, మళ్ళ జారింది. నా చెయ్యి దానంతట అదే లేచింది. డాక్టరమ్మ ఆగమన్నట్టు నా దిక్కు చూసింది. బయట వరుసల ఉన్నోళ్ళంత తలుపుల నుంచి చూస్తుండ్రు. పది మంది నడుమ ఉత్త నెత్తితోని మా ఆయన ఏనాడు నిలబడలే. ఆ దినం నిలబడ్డడు. తల దించలే. డాక్టరమ్మ మొఖం దిక్కే చూసి, "ఇగ రాదమ్మా. ముద్ద కలుపుడు రాదు, గుండీ పెట్టుడు రాదు. ఇది పెడతది" అని నన్ను చూపిచ్చిండు. లేనిది ఒక్క మాట చెప్పలే, ఉన్నది ఒక్కటి దాపెట్టలే.

ఆమె వేళ్ళు మడిచి చూసింది, మోకాలు తట్టింది, గ్రిప్ లేదు, ఫైన్ మూవ్‌మెంట్స్ లేవు అనుకుంట రాసుకున్నది. పోయేటప్పుడు తనే రుమాల తీసి నాకు అందించి, "కట్టమ్మా" అన్నది. అందరి ముందల కట్టిన. మొదటిసారి ఆయన నడక చూసి గర్వపడ్డ గని, ఇది దానికన్న పెద్దది.

నలభై దాటింది. పింఛను వస్తున్నది, గోలీలు ఒక్క పూట గూడ తప్పుతలేవు. బక్క గొర్లు, ఈనినయి ఇంటి కాడ ఉంటే ఆయనే మేపుతున్నడు. రుమాల నేనే కడుత. వదులైందని రోజు వంక పెడతడు, రోజు మళ్ళ బిగిస్త.

మూతి వంకర పోయినా, చెయ్యి జారినా నూనె కాచుకుంట కూసోకుండ్రి, ఆ ఘడియల్నే పెద్ద దవాఖానకు పోండ్రి. క్యాంపుకు పోయేటోళ్ళకు నా మాట ఒక్కటే: మీకు తానం పోసి అన్నం తినిపిచ్చేటోళ్ళను ఎంట తీస్కపోండ్రి, ఇంట్ల తెల్లారి ఎట్లుంటరో అట్లనే పోండ్రి. ఒక్క పిసరు ఎక్కువ చెయ్యొద్దు, తక్కువ చెయ్యొద్దు. మా వాకిలి ముందు నుంచే బస్సు కాడికి తొవ్వ. ఎవరన్న ఇస్త్రీ బట్టలేసుకొని సర్టిఫికెట్‌కు పోతుంటే మా ఆయన అరుగు మీద నుంచే అడుగుతడు:

"ఏం తమ్మీ, దవాఖానకా, అంగడికా?"