ఆది జాకెట్టు

మీ ఇంట్లో ఆడవాళ్లు ఇవాళ వేసుకున్న జాకెట్టు ఏ వయసు ఒంటికి కుట్టిందో మీరు చెప్పగలరా?

మగవాళ్లు పేజీ తిప్పేయకండి, మిమ్మల్నీ అడుగుతున్నాను. మీ అమ్మో, భార్యో దర్జీ దగ్గరికి పోయేటప్పుడు సంచిలో కొత్త గుడ్డతో పాటు ఒక పాత జాకెట్టు పెట్టుకుంటారు. దాన్నే ఆది అంటాం. దర్జీ టేపు ముట్టడు. ఆదిని గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి కత్తిరిస్తాడు. ఒంటిని కొలవడం మనకు సిగ్గు కనుక ఒంటికి బదులు పాత గుడ్డ పోయి హాజరు వేయించుకుంటుంది. ఏళ్లు గడుస్తాయి, కాన్పులవుతాయి, థైరాయిడ్ వస్తుంది. ఆది మారదు. కొత్త జాకెట్టు చంకల్లో కోస్తే తప్పు దర్జీదీ కాదు, ఆదిదీ కాదు, ఒంటిదే అంటాం.

ఈ మాట చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. అయినా మళ్లీ చెప్తున్నాను.

యూనివర్సిటీలో చదివే రోజుల్లో నేను రగ్బీ ఆడాను. ఆ ఆటలో స్క్రమ్ అని ఒకటుంది. రెండు జట్లవాళ్లూ వంగి, భుజాలు భుజాలకు తగిలించి, బంతి కోసం ఎద్దుల్లా తోసుకుంటారు. నా పని ముందు వరుసలో తోయడం. ఒక ఏడాది తిరిగేసరికి నా జాకెట్లన్నీ భుజాల దగ్గర పిగిలిపోయాయి. మా వీధి దర్జీకి పిగిలిన జాకెట్టు చూపిస్తే తిప్పి తిప్పి చూసి, "నా కత్తెర మంచిగనే ఉన్నది బిడ్డా. నీ భుజాలే మొగోని లెక్క అయినయ్" అన్నాడు. కొలత తీసి కుట్టమంటే, ఆది లేకుండా ఆడపిల్ల జాకెట్టు ఎట్లా కుట్టాలని నన్నే అడిగాడు.

మా నాన్న కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. పగలు మగ్గం, సాయంత్రం సభలు. ముహూర్తాలు వద్దని, వితంతువులకు పెళ్లిళ్లు చేయాలని ఆయన వాదిస్తుంటే నేను ముందు బెంచీలో కూర్చుని వినేదాన్ని. ఇంట్లో ఎవరైనా "అందరు అంటాండ్లు" అంటే చాలు, "నువ్వు చూసినవా?" అని అడిగేవాడు. దర్జీ మాట చెప్పినప్పుడు కూడా అదే అడిగాడు: ఆయన నీ భుజాలు కొలిచి చూసిండా? లేదు. అయితే మొగోని లెక్క అయినయని ఎట్లా తెలిసింది?

నా వ్యాపారం ఆ ప్రశ్నతో మొదలైంది. చదువైపోయాక రెండు మిషన్లు కొని, కొత్తవాడ మగ్గాల గుడ్డతో, భుజాలున్న ఆడవాళ్లకు జాకెట్లూ కుర్తాలూ కుట్టించాను. ఇప్పుడు దాన్ని బ్రాండ్ అంటున్నారు. మెడ దగ్గర మా లేబుల్ ఉంటుంది, హైదరాబాద్‌కూ బెంగళూరుకూ పార్సిళ్లు పోతాయి. కాని హన్మకొండలో మా దుకాణం మెట్లెక్కేవాళ్లు ఇప్పటికీ సగం దూరంలో ఆగిపోతారు. అక్కడ గోడకు బోర్డుంది: ఇక్కడ ఆది తీసుకోము, కొలత తీసుకుంటాము.

పైదాకా వచ్చినవాళ్లు టేపు తగలగానే ఊపిరి బిగబడతారు. కడుపు లోపలికి పోతుంది, భుజాలు ముడుచుకుంటాయి. "ఊపిరి వదలండమ్మా" అంటాను. ఒకప్పుడు ఈ మాటను వేదిక మీద ఉపన్యాసంలా అనేదాన్ని. ఇప్పుడు బస్సు కండక్టరు "ముందుకు జరగండి" అన్నట్టు అంటున్నాను. పక్కన నిలబడ్డ తల్లి ఎప్పుడూ ఒకటే చెప్తుంది: జర బిగువుగనే పెట్టు, పిల్ల తగ్గుతది.

మొన్న వానాకాలంలో ఆ మెట్లు నా స్నేహితురాలు ఎక్కింది. స్క్రమ్‌లో నా కుడిభుజానికి ఆనుకుని తోసిన మనిషి. కేసముద్రం మార్కెట్‌లో పత్తి వ్యాపారం చేసే అతన్ని పెళ్లి చేసుకుని ఆట మానేసింది. తల్లీతండ్రీ పోయాక చెల్లెల్ని తనే పెంచింది. ఆ చెల్లెలు కూడా వెంట వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు అక్క ఇంటినుంచి రోజూ రైల్లో వచ్చి ఇక్కడే చదువుతోంది, మేం ఆడిన గ్రౌండులోనే మా ఆటే ఆడుతోంది. చర్చిలో పెళ్లి ఖాయమైంది. ఒక కవర్లో తెల్ల చీర, మరో కవర్లో ఆది. ఆ ఆదిని చూడగానే గుర్తుపట్టాను. అది నా స్నేహితురాలి పెళ్లి జాకెట్టు.

"బోర్డు సదువస్తది నాకు," అంది నేను నోరు తెరవకముందే. "గది వేరేటోళ్లకు. నాకు చూపియ్యకు."

"ఇది పిల్లకు పట్టదే."

"పెండ్లి నాటికి పడ్తది. రాత్రి అన్నం బంద్ చేపిచ్చిన. గ్రౌండు గుడ బంద్ చేపిచ్చిన. నేను తగ్గలేదా?"

చెల్లెలి వైపు తిరిగాను. నేనే ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్నాను. పెళ్లికి ముందే రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలున్నాయి. వెళ్లమని పెళ్లికొడుకే అన్నాడట. ఆపింది అక్క. ఎందుకంటే నిశ్చితార్థం రోజు పెళ్లికొడుకు మేనత్త ఈ పిల్ల జబ్బ పట్టుకుని చూసి, "పోలీసుల భర్తీకి మంచిగ పనికొస్తది" అందట. అందరూ నవ్వారట. ఆ నవ్వు నా స్నేహితురాలిని అప్పటినుంచీ నిద్రపోనివ్వడం లేదు.

ఒక మేనత్త వేళాకోళానికి పిల్ల ఆటా తిండీ ఎందుకు మానాలని వాదించాను. అలవాటైన వాదన, అలవాటైన పదాలు. ఆమె చివరిదాకా విని, "నీకేందే, అత్తలేదు ఆడిబిడ్డలేదు. రాస్తవ్, మాట్లాడ్తవ్. నిన్ను జూసి నవ్వెతందుకు నీ ఇంట్ల ఎవరున్నరు?" అంది. నవ్వి ఊరుకున్నాను.

చేతికి పని కావాలి కనుక జాకెట్టు తీసుకుని లోపలివైపు తిప్పాను. తెల్ల గుడ్డకు చంక కింద జానెడు పొడవున, తర్వాతెప్పుడో చేతికి దొరికిన పచ్చ దారంతో వేసిన కుట్టు ఉంది. నాకు ఆమె పెళ్లినాటి చర్చి గుర్తొచ్చింది. మాల వేయడానికి చేతులెత్తగానే కుట్టు పిగిలిన చప్పుడు వెనక నిలబడ్డ నాకు వినబడింది. కొంగు కప్పి, పిన్నీసులు పెట్టింది నేనే. ఆ రోజు ఫోటోలన్నింటిలో ఆమె చేతులు పక్కలకు అతుక్కునే ఉంటాయి. పెళ్లికూతురు ఎంత అణకువగా ఉందో అని మెచ్చుకున్నారు కూడా.

చెల్లెలు వంగి చూసింది. "ఇదేందక్కా, తెల్ల జాకిట్‌కు పచ్చ దారం?"

నా స్నేహితురాలు జాకెట్టు లాక్కోబోయి ఆగిపోయింది. స్టూలు మీద కూర్చుంది.

"పెండ్లిల పిగిలింది. మాల ఎయ్యంగ. దినమంత చెయ్యి లేపలే. అన్నం గుడ సక్కగ తినలే."

"మరి గదే నాకెందుకక్కా?"

ఆమె ఆ కుట్టును వేలితో తడిమింది. తనకు సరిపోయిందని ఆమె అబద్ధం ఆడలేదు, నిజంగానే నమ్మింది. ఓర్చుకున్న రోజు గడిచిపోయాక అది సరిపోయినట్టే గుర్తుంటుంది. మా నాన్న సభల్లో ఎంతమందిని ఓడించినా ఇలాంటి జ్ఞాపకాన్ని ఓడించలేకపోయాడు. నేనెంత?

బెంచీ మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లవైపు చూసి, గొంతు తగ్గించి, "కొలత తియ్యి," అంది నా స్నేహితురాలు. "గని నంబర్లు గట్టిగ అనకు."

చేతులు చాచమన్నాను. ఆ పిల్ల ఎదురొచ్చేవాళ్లను పడగొట్టబోతున్నట్టు చాచింది. భుజాల కొలత మా దుకాణంలో గుడ్డ కత్తిరించే ఆమె చెవిలో చెప్పాను. పిల్ల దాన్ని విని, బెంచీ మీదివాళ్లకు కూడా వినబడేలా పలికింది. తర్వాత, "ఇంక జర వదులు పెట్టక్కా. మాల గుడ ఎయ్యాలె, బంతి గుడ ఎయ్యాలె" అంది. బెంచీ మీద ఒకామె నవ్వింది. ఈ నవ్వు నిశ్చితార్థం నాటి నవ్వు లాంటిది కాదు.

"నువ్వు గుడ నిలవడు," అన్నాను స్నేహితురాలితో.

"నాకెందుకింక," అంది. ఆదిని మడిచి కవర్లో పెట్టుకుని, రైలుకు టైమైందని మెట్లు దిగింది. గెలిచానని నాకనిపించలేదు. స్క్రమ్‌లో తోసి తోసి ఒకడుగు జరిగాక, మళ్లీ వంగమని విజిల్ వేసినట్టుంది.

కొన్నాళ్లకు ఫోన్ చేసింది. "నీ పుణ్యాన మళ్ల ఉరుకుతాంది. పొద్దుగాల్ల గ్రౌండుకు పోతాంది. రాత్రి కడుపునిండ తింటాంది." ఫిర్యాదో, సంతోషమో గొంతును బట్టి తెలియలేదు. ఎంపికకు పంపుతున్నావా అంటే, "పోనియ్యకుంటె ఊకుంటదా" అంది.

"మరి ఆ ఆది ఏం చేసినవే?"

"పెట్టెల పెట్టిన."

"ఎవరికోసం?"

"నా బిడ్డ ఉన్నది గద," అంది.

ఆమె కూతురు ఇంకా బడికి పోతోంది.

అందుకే మిమ్మల్ని వాదనకు పిలవడం లేదు. నాకు అంత ఓపిక మిగల్లేదు. ఇవాళే మీ ఇంట్లో పెట్టె తెరవండి. అందులో ఉన్న ఆది అమ్మదైనా, అక్కదైనా, మీదే అయినా బయటికి తీసి కుట్లు విప్పి, బండలు తుడిచే గుడ్డ చేయండి. టేపు ముందు నిలబడి ఊపిరి వదలండి. వచ్చిన కొలతను ఇంట్లో ఆడపిల్లలకు వినబడేటట్టు గట్టిగా చెప్పండి.