కప్పీ లెక్క దాటిన తారి

ఎంసెట్‌లో తారి మొదటిసారి మునిగింది ఒక కప్పీ దగ్గర. భౌతికశాస్త్రం ప్రశ్నల నడుమ, తాడుకు రెండు బరువులు వేలాడే ఆ లెక్కను పట్టుకొని కూర్చుంది. లెక్క తెగలేదు, తారి విడవలేదు. గంట కొట్టేసరికి రసాయనశాస్త్రం ప్రశ్నలు, ఆమెకు అన్నిటికన్నా బాగా వచ్చినవి, కన్నెత్తి చూడకుండానే మిగిలిపోయాయి. తప్పు రాసినా మార్కులు కోయని పరీక్షలో వాటికి ఒక్క వృత్తమైనా నింపి రాలేదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో పిల్లల చదువులు చెడుతున్నాయని ఒక వర్గం, పోరాటమే అసలు చదువని ఇంకో వర్గం ఆ రోజుల్లో టీవీల్లో అరుచుకునేవి. తారి ఏ వర్గానికీ సాక్ష్యంగా పనికిరాదు. జనగామలో ఆమె కాలేజీ సగం రోజులు మూతపడ్డ మాట నిజమే కాని, ఆమెను ముంచింది మునుం. మహబూబాబాద్ దగ్గరి వాళ్ల తండాలో కలుపు తీయడానికి దిగితే ఎవరి వరుస వాళ్లది. దాన్నే మునుం అంటారు. పట్టిన మునుం ఒడ్డు చేరాకే నడుము ఎత్తాలి. మధ్యలో వదిలి పక్కకు జరిగినవాళ్లను ఏడాదంతా ఆడిపోసుకుంటారు.

తండ్రి టీక్యా ఇంకొక్క ఏడాదికి ఒప్పుకున్నాడు.

"వ్యవసాయం బీఎస్సీల సీటొస్తే సదువు. రాకుంటే మీ అన్నోళ్లెంట పట్నం పోవుడే, బిల్డింగు పనికి."

ఆ ఏడు సకల జనుల సమ్మెకు కాలేజీకి తాళం పడింది. రసాయనం చెప్పే మనోరమ మేడం తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి తారితో పాత ప్రశ్నపత్రాలు రాయించింది. పుస్తకాలన్నీ మళ్లీ మొదటి నుంచి చదువుతానంటే ఒప్పుకోలేదు.

"అన్ని సదివి ఏం జేస్తవే? నీకు వచ్చేటియి గట్టిగ చేసుకో. రానియ్యి దాటిపో."

"నడుమ ఇడిసిపెట్టాల్నంటే మనసొప్పది మేడం."

"మనసుకు ర్యాంకియ్యరు పిల్లా. జర లేచి ముందటికి నడువు."

తారి తల ఊపేది. మళ్లీ కప్పీ ఎదురైతే మళ్లీ అక్కడే చతికిలబడేది.

మాఘంలో మిరప ఏరడానికి తండాకు పోయింది. ఇక్కడ మట్టి పాఠం చెప్పిందని, తల్లి గురువైందని రాస్తే చదివేవాళ్లకు హాయిగా ఉంటుంది. జరిగింది మాత్రం తిట్లు. మనసంతా కప్పీ మీదే ఉన్న తారి, ఒక్కో చెట్టును పూర్తిగా దూసి గాని ముందుకు కదలడం లేదు. ఆమె సంచిలో పచ్చికాయలు చూసి తల్లి రాజీ తండా భాషలో తిట్లు అందుకొని తెలుగులోకి దిగింది.

"కండ్లు నెత్తికెక్కినయా? ఎర్రయి ఏరుకుంట పోవాలె. పచ్చియి మల్లొక్క ఏరుడుకు ఉంటయి. చెట్టు ఏడికన్న ఉరుకుతదా?"

"మునుం ఇడిసినట్టు కాదా, యాడీ?" అని తల్లినే అడిగింది తారి.

"కలుపు కలుపే, మిరప మిరపే. గింత సదివి గది తెల్వదా!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. తారి ఎర్రవి మాత్రమే తెంపి పక్క చెట్టుకు జరిగింది.

జనగామకు తిరిగొచ్చాక ఆమె పేపరు రాసే తీరు చూసి మేడం అడిగింది. "ఏందే, గిట్ల ఉరుకుతున్నవ్?"

"ఎర్రయి ఏరుతున్న మేడం."

మేడంకు అర్థం కాలేదు. తల్లి తిట్లన్నీ వినిపించాక కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

పరీక్షలో మళ్లీ కప్పీ వచ్చింది. ఈసారి జంట కప్పీలు. తారి పెన్సిల్ ఆగింది. తాడు బొమ్మ గీయడానికి చేయి దానంతటదే పోయింది. ప్రశ్న పక్కన ఒక చుక్క పెట్టి, పంటి బిగువున పేజీ తిప్పింది. రసాయనమంతా ముగించి, చుక్కలు పెట్టిన చోట్లకు తిరిగొచ్చి దొరికినన్ని తెంపింది. ఆఖరున మిగిలినవాటికి చేతికొచ్చిన వృత్తం నింపేసింది.

సీటు వచ్చింది. బిల్డింగు పని మాట టీక్యా మళ్లీ ఎత్తలేదు. చదువు ముగిశాక ఆమెకు భూపాలపల్లి వైపు, రేగొండలో వ్యవసాయాధికారి ఉద్యోగమైంది.

సీటు వచ్చిన రోజు స్వీటు డబ్బాతో వరండా ఎక్కితే మేడం మొదట అడిగింది ఒకటే. "గా కప్పీ లెక్క చేసినవా, లేదా?"

"లేదు మేడం. గది ఇంక పచ్చిగనే ఉన్నది."