పెద్దబాపుకు పెట్టిన చప్పిడి కూడు

మొన్న జగదల్‌పూర్‌లో మా తమ్ముడింటికి వెళ్ళాను. వెళ్ళేసరికి మా మేనకోడలు వంటింటి గట్టు మీద దిండంత సంచీ ఒకటి పెట్టుకుని, దాని వెనకవైపు రాతల్ని పరీక్షకు చదివినట్టు చదువుతోంది. ఎరువు సంచేమో అనుకున్నాను. కానీ తమ్ముడికి పొలమెక్కడిది, నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం కదా! ఎరువు కాదట, కుక్క తిండట. వాళ్ళింట్లో ఒక బొచ్చు కుక్కపిల్ల ఉంది. దానికి కడుపు నాజూకట, ఏది పెట్టినా పడదట. "ఒక్కసారిగా మార్చకూడదత్తా. పాత తిండిలో కొత్తది రోజూ కాస్త కాస్త కలుపుతూ, పాతది తగ్గించుకుంటూ రావాలి. మధ్యలో వేరే ఏదీ దాని నోట్లో పడకూడదు" అని నాకు పాఠం చెప్పింది. నాకు నవ్వాగలేదు. మా కాలంలో మాకు పాలు మాన్పించినప్పుడు కూడా ఇంత ఆలోచించి ఉండరే అన్నాను. అంటుండగానే కొంగుతో కళ్ళొత్తుకున్నాను. ఏమైందత్తా అని ఆ పిల్ల కంగారు పడితే, పోపు ఘాటే అని బొంకాను. పొయ్యి మీద పోపే లేదు. ఆ మాటలే, ఇంచుమించు అదే వరసలో, కొన్నేళ్ళ కింద మా పెద్దమ్మ వాకిట్లో నిలబడి ఒక పశువుల డాక్టరు చెప్పగా విన్నాను.

మా పెద్దమ్మది భోపాల్‌పట్నం దాటి ఇంద్రావతి వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు. మా అమ్మకు స్వయానా అక్క. పిల్లలు లేరు. ఆ లోటు తీర్చుకోవడానికన్నట్టు మమ్మల్ని సెలవులకు పిలిపించుకుని, తిట్టి, తినిపించి, మళ్ళీ తిట్టి పంపేది. ఆవిడ భర్తను మేం పెద్దబాపు అనేవాళ్ళం. నాలుగెకరాల వరి, అడవిలో ఇప్పపూలు, తునికాకు, వీటితోనే వాళ్ళ బతుకు. పెద్దబాపు ఊళ్ళో అందరితో తెలుగూ, అంగట్లో హిందీ, కూలీలతో దోర్లీ మాట్లాడేవాడు. తిట్లు మాత్రం మూడు భాషల్లోంచీ ఏరుకునేవాడు. ఆయన వెంట ఎప్పుడూ ఒక కుక్క ఉండేది. ఊరంతా తనదే అన్నట్టు తోక ఎత్తుకుని తిరిగేదని దానికి పటేలు అని పేరు పెట్టాడు. అసలు పటేలుగారికి ఆ సంగతి తెలిసి కొన్నాళ్ళు మాటలు మానేశాడని చెప్పుకునేవాళ్ళు. అయినా పెద్దబాపు పేరు మార్చలేదు.

పెద్దబాపు ఇంట్లో కూర్చుని తినడం నేనెప్పుడూ చూడలేదు. వెనక వాకిట్లో ఒక బండరాయి ఉండేది. పొద్దుగూకే వేళ దాని మీద కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని తినేవాడు. పటేలు ఎదురుగా కూర్చుని ఆయన చేతినే చూస్తుండేవాడు. అవును, వాడు అనే అంటాను, ఆ ఇంట్లో పటేలును అది అన్న వాళ్ళు లేరు. పెద్దబాపు మొదట ఎండుచేపల పులుసుతో తినేవాడు. తర్వాత ఎర్రచీమల్ని మిరపకాయలతో నూరిన తొక్కు. ఆ ఘాటుకు చెమటలు పడుతుంటే తువ్వాలతో తుడుచుకుంటూ, ఆఖర్న మజ్జిగన్నం కలిపి, దాంట్లోంచి ఒక పెద్ద ముద్ద తీసి పటేలుకు పెట్టేవాడు. అదే వాడి భోజనం. కడుపు మొదటి నుంచీ నాజూకే కాబట్టి కారం తగలనిచ్చేవాడు కాదు. "వీడు పేరుకే పటేలు, కడుపు మాత్రం పసిపోరనిది" అని నవ్వేవాడు.

ఒక ఎండాకాలం చివర ఆయన పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చుట్టాలమంతా వెళ్ళాం, ఏడ్చాం, కర్మలు చేశాం, ఎవరి ఇళ్ళకు వాళ్ళం వచ్చేశాం. నేను భోపాల్‌పట్నంలో జాకెట్లు కుట్టుకునేదాన్ని. నా మిషను నాకోసం ఎదురుచూస్తోంది కదా. పెద్దమ్మను మాతో వచ్చెయ్యమంటే, "నేనొస్తే పటేలుకు ఎవరు పెడ్తరు?" అంది. అంతే, ఇంకో మాట లేదు.

వానలు మొదలయ్యాక పటేలు కడుపు పాడయింది. ముందు కక్కేవాడు, తర్వాత నెత్తురు జిగట పడింది. అంగడి రోజున పెద్దమ్మ ఊరివాళ్ళు నా కొట్టు ముందు ఆగి ఈ కబురు మోసుకొచ్చేవాళ్ళు. ప్రతివాళ్ళూ వైద్యులే! ఒకామె గంజి పొయ్యమంది. ఒకాయన దానిమ్మ తొక్క నూరి పొయ్యమన్నాడు. వాము నీళ్ళన్నారు, జొన్న గటక అన్నారు, రాగి జావ అన్నారు. పెద్దమ్మ అన్నీ చేసింది. తనకోసం పొయ్యి వెలిగించడం బద్ధకమని పొద్దుటి అన్నం రాత్రికి తినే మనిషి, కుక్కకోసం రోజుకు రెండుసార్లు వండేది. పటేలు ఒకరోజు తినేవాడు, మర్నాడు మొహం తిప్పేసేవాడు, మూడోనాడు మళ్ళీ కక్కేవాడు. దసరా వెళ్ళాక నేనే బతిమాలి పశువుల డాక్టరును బండి మీద తీసుకెళ్ళాను. రాయపూర్ వైపు మనిషి, పాపం మంచివాడు. తెలుగు రాదు గానీ పెద్దమ్మ హిందీకి ఆయన నవ్వకుండా బదులు చెప్పాడు. మెత్తగా ఉడికించిన అన్నం, దాంట్లో గుమ్మడికాయ, నాలుగు ముక్కలు కోడిమాంసం, ఉప్పూ కారం వద్దు, కొత్త తిండి కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి అన్నాడు. "అమ్మా, మిర్చీ మసాలా బిల్కుల్ బంద్" అని చేతులు అడ్డంగా ఊపాడు. పెద్దమ్మకు కోపం వచ్చింది. "నేనేమన్న కుక్కకు మిరపకాయలు పెడుతున్ననా? ఏంది ఈ సారు!" అని నాతో తెలుగులో అంది. ఆవిడ తనను మెచ్చుకుందనుకుని ఆయన దణ్ణం పెట్టాడు.

గుమ్మడికాయ అన్నం కూడా పనిచెయ్యలేదు. చలికాలమంతా పటేలు పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా అయ్యాడు. డాక్టరు రెండోసారి వచ్చి చూసి, ఇది తప్పకుండా బయట ఏదో కారపుది తింటోంది, ఇలాగే సాగితే వానల్లోపు పోతుంది అని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నేను పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ ఏడవలేదు. పటేలు మెడ కింద చెయ్యి పెట్టుకుని, "ఆయన పెంచినోడు బిడ్డా. వీడు పోతే ఆయనకు నేనేం మొహం చూపెట్టాలె?" అంది. ఆయన అంగడికి వెళ్ళాడు, పొద్దుగూకేసరికి వస్తాడు అన్నట్టుగా ఉంది ఆ గొంతు. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. తెల్లవారకముందే అడవికి వెళ్ళి ఏరుకోవాలి, పెద్దమ్మ ఒక్కతీ ఎక్కడ వంగుతుందని నేను సాయానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. ఆ సాయంత్రం పెద్దమ్మ వంట చేస్తుంటే ఎండుచేపల పులుసు వాసన వచ్చింది. నాకోసమే అనుకుని సంబరపడ్డాను. తీరా చూస్తే అడ్డాకు విస్తరి తీసింది, అన్నం పెట్టింది, పులుసు పోసింది, పక్కన చీమల తొక్కు ఇంత ముద్ద, దొప్పలో ఇప్పసారా రెండు గుక్కలు. అన్నీ పట్టుకుని వెనక వాకిట్లో బండరాయి దగ్గర పెట్టి, "తిను" అని, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికొచ్చి తలుపు మూసేసింది. ఇదేంది పెద్దమ్మా, పెద్దకర్మ ఎప్పుడో అయిపోయింది కదా అన్నాను. "ఆయన ఆకలికి ఓర్వడు" అంది. "రోజూ తింటున్నడు. పొద్దున చూస్తే మెతుకు ఉండదు."

మా వైపు పట్టింపొకటి ఉంది. పోయినవాళ్ళకు పెట్టిన విస్తరి వైపు చూడకూడదు. చూస్తే వాళ్ళు సిగ్గుపడి సగంలో లేచిపోతారట, ఆకలితోనే. నాకూ తెలుసు, మా అమ్మ మూడు పూటలూ చెప్పేది. కానీ నా కళ్ళు నా మాట వినే రకం కాదు. వంటింటి తడికలో వేలు పట్టేంత సందు ఉంది. చూశాను. పటేలు గోడవార నుంచి మెల్లగా వచ్చాడు. బండరాయికి ఎదురుగా, ఎప్పటి చోటనే కూర్చున్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది, ఆకలి మరి. అయినా విస్తరి ముట్టలేదు. ఖాళీ రాయిని చూస్తూ కూర్చున్నాడు. ఒక మనిషి తీరిగ్గా అన్నం తినడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి, తలొంచి, పులుసూ తొక్కూ సారా అన్నీ నాకేశాడు. మజ్జిగ ముద్ద ఇచ్చే చెయ్యి లేదు కాబట్టి ఉన్నదంతా తనకే అనుకున్నట్టున్నాడు, పిచ్చి ముండాకొడుకు. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అప్పుడే చెప్పేశాను. పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చూస్తావా అని తడిక వైపు చూపిస్తే తల అడ్డంగా ఊపింది. గరిటె కింద పెట్టి, "అయితే ఆయన ఇన్ని దినాలు ఉపాసమేనానే?" అంది. పటేలు ముందు కూర్చుని ఎదురుచూశాడని, ఆయన తినడం అయ్యేదాకా ఆగాకే ముట్టాడని చెప్పాను. ఆవిడ కళ్ళు కొద్దిగా వెలిగాయి. "ఎంతసేపు ఆగిండు?" అని అడిగింది. మనిషి తిన్నంతసేపు అన్నాను. "ఆగిండా" అని తనలో తనే అనుకుంది.

ఆ రాత్రంతా ఆవిడ నిద్రపోయిందో లేదో నాకు తెలియదు. పొద్దున ఇప్పపూలు ఏరుతూ ఏరుతూ నడుం నిలబెట్టి, "పెట్టుడు బంద్ చేస్తే వీడు ఆ రాయి కాడనే కూసుంటడు, ఇంకేం ముట్టడు. పెడితే కారానికి చస్తడు. ఏం చెయ్యాలె చెప్పు" అంది. డాక్టరు చెప్పిన గుమ్మడికాయ అన్నమే పెద్దబాపు విస్తరిలో పెట్టు, రెండు పనులూ అయిపోతాయి అన్నాను. నాకు అది మహా తెలివైన మాటలా అనిపించింది. పెద్దమ్మ నన్ను తప్పతాగిన మనిషిని చూసినట్టు చూసింది. "ఉప్పు లేని కూడు ఆయనకా!" అంది. నిజమే, ఆ సంగతి నేను మర్చిపోయాను. కూరలో ఉప్పు ఒక పిసరు తగ్గితే పెద్దబాపు అరుపు మూడో ఇంటికి వినిపించేది. ఒకసారి జ్వరంలో పత్యం పెడితే, "ఇది కూడానే, కుడితినా?" అని కంచం వాకిట్లోకి విసిరేశాడట. పెద్దమ్మ వారం రోజులు మాట్లాడలేదట. వాళ్ళ కాపురంలో పెద్ద యుద్ధం అదేనని మా అమ్మ చెప్పేది.

సాయంత్రం పెద్దమ్మ అన్నం మెత్తగా గుమ్మడికాయతో కలిపి ఉడికించింది. ఉప్పు డబ్బా మీద చెయ్యి పెట్టి తీసేసింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసేసింది. నేను చూడనట్టు ఇప్పపూలు చాటలో ఆరబోసుకుంటున్నాను. విస్తరిలో ఆ తెల్లటి ముద్ద ఒక్కటే పెట్టి, పులుసు లేదు, తొక్కు లేదు, దొప్ప లేదు, వెనక వాకిట్లోకి తీసుకెళ్ళింది. రాయి ముందు పెట్టి ఈసారి వెంటనే రాలేదు. "కోపం చెయ్యకు. వీడు బతకాలంటే ఇదే తినాలెనట. నువ్వు తింటెనే వీడు తింటడు. కొన్ని దినాలు ఓర్చుకో" అంది. లోపలికొచ్చి తలుపు మూసి, ఆ తలుపుకు చెవి ఆనించి నిలబడింది.

నేనూ పక్కన నిలబడ్డాను. ఏ అరుపు కోసం వింటోందో నాకు అప్పటికి అర్థమైంది. బయట గాలి లేదు. ఎవరింట్లోనో మేక అరిచింది, ఆగిపోయింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత పటేలు మెత్తగా నాకుతున్న చప్పుడు మొదలైంది, అయిపోయింది. పెద్దమ్మ అప్పటికీ చెవి తియ్యలేదు. పిచ్చిదానా, ఏముందిక అందామని చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఒక్క మాటన్న అనలేదు చూడు" అంది. తలుపు మీద నుంచి జారి అలాగే నేల మీద కూర్చుంది. "ఉప్పు లేని కూడు పెట్టినా ఒక్క మాటన్న అనలేదు. పోయిండే బిడ్డా. మీ పెద్దబాపు నిజంగనే పోయిండు."

కర్మలప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదు. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చి, ఎవరు పోయారు, ఎవరు పోయారని నన్ను అడిగారు. ఏమని చెప్పను? పెద్దబాపు అన్నాను. వాళ్ళు నా మొహం చూసి ఇంకేమీ అడక్కుండా ఆవిడ చుట్టూ కూర్చున్నారు. పటేలు వాళ్ళ మధ్యకు దూరి, పెద్దమ్మ ఒడిలో తల పెట్టుకున్నాడు.

పటేలు కోలుకుని, ఆ తర్వాత ఇంకొన్ని వానలు చూశాడు. ఆ చప్పిడి కూడే చివరిదాకా రాయి దగ్గరే తిన్నాడు, తినే ముందు ఆగడం మాత్రం మానలేదు. పెద్దబాపు పోయింది ఎండాకాలం చివర అని ఊళ్ళో అందరూ చెబుతారు. మా పెద్దమ్మకు ఆయన పోయింది ఆ ఇప్పపూల కాలపు సాయంత్రమే. ఆ నడిమి వానాకాలం, ఆ చలికాలం ఆయన ఆ ఇంట్లో ఉన్నాడనే నేనిప్పటికీ లెక్కేసుకుంటాను.