అత్తగారు ఎంచిన ట్వంటీ టూ

గత మంగళవారం పొద్దున మా అత్తగారు పోయారు. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా మా ఆయన ఫోన్ చేసి "అమ్మ ఇక లేదు" అన్నారు. గుండె జబ్బు చాలా కాలంగా ఉన్నదే. అయినా ఆ పొద్దునే నా చేత కాఫీ కలిపించుకుని, పంచదార తగ్గిందని వంక పెట్టి పంపిన మనిషి పదిన్నరకల్లా లేరంటే నమ్మడం ఎలా? నేను నమ్మలేదు. కారులో ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆవిడతో పోట్లాడుతూనే ఉన్నాను.

అమెరికాలో మేముండే రెడ్‌మండ్‌లో మనవాళ్ళకి ఆవిడ గుడిలో ప్రసాదాల దగ్గర నిలబడి "లైన్లో రండి, అందరికీ వస్తుంది" అని గదమాయించే పెద్దావిడగా తెలుసు. నాకు పిస్టల్ కాల్చడం నేర్పింది ఆవిడేనని తెలిసినవాళ్ళు తక్కువ. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట, ఆఫీసులో ఒక స్నేహితురాలిని చూసి, నాకూ టార్గెట్ షూటింగ్ మీద మనసు పడింది. ఊరు దాటాక అడవి పక్కన ఒక క్లబ్బు ఉంది. మెంబర్‌షిప్ కావాలంటే చిన్న పరీక్ష పాసవ్వాలి. పదిసార్లు కాల్చాలి, పదీ అన్నం తినే పళ్ళెమంత గుండ్రంలో పడాలి. ఏడాదికి మూడు ఛాన్సులు. చిన్నప్పటి నుంచీ ఏ పరీక్షా తప్పని దాన్ని, ఇక్కడ వరసగా రెండుసార్లు తప్పాను.

సగం తప్పు నాది. మిగతా సగం మా ఆయన కొన్న పిస్టల్‌ది. "కొంటే పెద్దదే కొనాలి, మళ్ళీ మార్చే పని ఉండదు" అని నైన్ ఎం.ఎం. కొన్నారు. అది పేలినప్పుడల్లా మణికట్టు ఎగిరిపడేది, చెవుల్లో హోరు పుట్టేది. వారం తిరక్కుండా నా ఒళ్ళు దానికి భయపడటం నేర్చుకుంది. బయటికి మాత్రం "గాలి ఎక్కువగా ఉంది" అని చెప్పుకునేదాన్ని.

రెండోసారి తప్పిన రోజు అత్తగారు కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. తిరిగి వస్తుంటే కారులో అన్నారు.

"అమ్మాయ్, నీ గురి బాగానే ఉంది. కానీ పేలకముందే నువ్వు తుళ్ళిపడుతున్నావు. తుళ్ళిపడి పిస్టల్ మూతి కిందికి నొక్కేస్తున్నావు."

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"కాలేజీలో ఎన్.సి.సి. కాడెట్‌ని. మూడేళ్ళు ట్వంటీ టూ రైఫిల్ కాల్చాను. మా మాస్టారు అప్పుడప్పుడు పిస్టల్ కూడా ఇచ్చేవారు."

కోడలిగా వచ్చి పదకొండేళ్ళు. ఆ మాట వినడం అదే మొదలు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"ఎవరడిగారు? అందరూ ఆవకాయలో మెంతిపిండి ఎంతెయ్యాలనే అడుగుతారు."

మళ్ళీ కాల్చాలని ఉందా అని అడిగాను. "ఉంది" అన్నారు. ఊళ్ళోని ఇండోర్ రేంజ్‌కి ఒకసారి తీసుకెళ్ళాను గానీ, ఆ పొగకి ఆయాసం వచ్చి పది నిమిషాల్లో బయటికి వచ్చేశారు. ఆరుబయట కాల్చుకునే వీలున్నది ఆ క్లబ్బులోనే. అక్కడ పరీక్షకి వచ్చినవాళ్ళు, మెంబర్లు, మెంబర్లు వెంట తెచ్చుకున్న గెస్టులు తప్ప ఎవరూ తుపాకీ ముట్టకూడదు. అంటే నేను మూడోసారి గట్టెక్కితేనే ఆవిడ చేతికి పిస్టల్ వస్తుంది. తప్పితే మరో ఏడాది ఆగాలి. అరవై ఎనిమిదేళ్ళ గుండె జబ్బు మనిషిని ఏడాది ఆగమనడం నాకు చేతకాలేదు. ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు గానీ, ఆ రోజు నుంచి నాకు అదొక్కటే ధ్యాస.

ఆవిడ మొదటి హుకుం, నైన్ ఎం.ఎం. పక్కన పెట్టి ట్వంటీ టూ కొనమని. తూటా చిన్నది, కుదుపు తక్కువ, మోత తక్కువ. భయం పోవాలంటే అదే మార్గం అన్నారు. మా ఆయన వెంటనే స్ప్రెడ్‌షీట్ తెరిచారు. పదిహేడు పిస్టళ్ళు, ఒక్కోదానికి బరువు, గొట్టం పొడవు, రివ్యూల్లో ఎన్ని చుక్కలు, అన్నీ రంగురంగుల గళ్ళలో. అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చివరిదాకా చూశారు.

"అంతా బాగుందిరా. ఇందులో నీ పెళ్ళాం వేలు పొడుగెంతో ఎక్కడ రాశావు?"

ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు.

షాపులో సేల్స్‌మన్ మా ఆయనతోనే మాట్లాడుతూ, నా కోసమని గులాబీరంగు పిడి ఉన్న బుల్లి పిస్టల్ ఒకటి తీశాడు. నా చిటికెన వేలికి చోటే లేదు. అత్తగారు దాన్ని పక్కకి జరిపేశారు. ప్రతి పిస్టల్ ఖాళీగా ఉందని మొదట సేల్స్‌మన్ చేత చూపించుకుని, తర్వాత తను చూసి, అప్పుడు నా చేతికి ఇచ్చేవారు. "తూటా ఉందో లేదో తుపాకీనే అడగాలి, మన జ్ఞాపకాన్ని కాదు" అనేవారు. ఆ మాట ఇవాళ్టికీ తు.చ. తప్పకుండా పాటిస్తాను.

"కళ్ళు మూసుకో. గోడ వైపు చెయ్యి చాపు. ఇప్పుడు తెరువు. గొట్టం చివరున్న ముందు పుల్ల, ఇటు వెనకున్న గంటులో నడిమధ్యన ఉందా?"

తేలికైన ప్లాస్టిక్‌వి రెండు చూశాం. ముందు పుల్ల ఒకదాంట్లో ఎడమకి, ఇంకోదాంట్లో పైకి పోయింది. మరోదాంట్లో చూపు సరిపోయింది గానీ ట్రిగర్ దగ్గరికి నా వేలు సాగదీయాల్సి వచ్చింది. ఆరోది పొడుగు గొట్టం ఉన్న ఉక్కు పిస్టల్, ఎవరో వాడి అమ్మినది, పిడి అరిగి నున్నగా ఉంది. కళ్ళు తెరిచేసరికి పుల్ల గంటులో సరిగ్గా నిలబడి ఉంది.

"బరువెక్కువమ్మా" అన్నారు మా ఆయన.

"బరువుంటేనే నిలకడరా. నీకు నచ్చడం కాదు, దాని చేతికి నచ్చాలి."

ఆ తర్వాత రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు గరాజ్‌లో ఇరవై నిమిషాలు సాధన. తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వెయ్యాలి. ట్వంటీ టూని తూటా లేకుండా ఉత్తినే నొక్కితే లోపలి సూది పాడవుతుందని, గోడకి స్క్రూలు బిగించేటప్పుడు వాడే పసుపు ప్లాస్టిక్ బిరడా ఒకటి తూటా చోట పెట్టించారు. ఎదుటి గోడ మీద చుక్క. గురి చూడటం, నొక్కడం, మళ్ళీ గురి చూడటం. ఆవిడ స్టూలు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, నా వైపు చూడకుండానే "మళ్ళీ తొందరపడ్డావు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఎలా తెలిసేదో నాకిప్పటికీ తెలియదు.

ఆ ఏడాది దేశమంతటా ట్వంటీ టూ తూటాలకి కరువు. మనిషికి ఒక డబ్బానే ఇస్తామని షాపుల్లో బోర్డులు. శనివారం పొద్దున్నే అత్తాకోడళ్ళం స్వెట్టర్లు వేసుకుని క్యూలో నిలబడేవాళ్ళం. ముందున్న పెద్దాయన ఆవిడ చీర చూసి, ఎందుకమ్మా మీకు ఇవి అని ఇంగ్లీషులో అడిగితే, "ఫర్ మై డాటరిన్‌లా. షీ హాజ్ ఎగ్జామ్" అన్నారు గర్వంగా.

పెళ్ళయిన కొత్తలో మా ఇద్దరికీ పడేది కాదు. ఆ సంగతి దాచను. ఉప్పు దగ్గరా, పిల్లల పెంపకం దగ్గరా ఆవిడ మాట నేను పడలేదు, నా మాట ఆవిడ పడలేదు. చేతిలో తుపాకీ ఉన్నప్పుడు మాత్రం ఆవిడ చెప్పిందల్లా విన్నాను. వినడం అలవాటయ్యాక మిగతా విషయాల్లోనూ కొంత విన్నాను. ఆవిడంటే నాకు ప్రాణం అయింది ఆ గరాజ్‌లోనే. ఆ తర్వాత రెండేళ్ళ శనివారాలు మావే. వాటికి నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను.

మూడో పరీక్ష రోజు సన్నగా తుంపర. అత్తగారు చెవులకి మోత వినపడకుండా మఫ్స్ పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నారు. మొదటి ఆరూ గుండ్రంలోనే పడ్డాయి. ఏడోసారి ట్రిగర్ నొక్కితే టిక్కుమంది, పేలలేదు. ఈ రకం తూటాల్లో అప్పుడప్పుడు అలాంటిది ఒకటి వస్తుంది. నిబంధన ప్రకారం పిస్టల్ ముందుకే పట్టుకుని అర నిమిషం కదలకుండా నిలబడ్డాను. అప్పుడు గమనించాను. పేలుతుందనుకునే నొక్కినా పిస్టల్ మూతి వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు. పుల్ల గంటులో అలాగే ఉంది. పక్కన నిలబడ్డ రేంజ్ ఆఫీసర్, నెరిసిన గడ్డం ఆయన, అదే చూశారు.

"ఇట్ డిడింట్ మూవ్" అని, ఇంకో తూటా ఇచ్చారు.

మిగతా నాలుగూ కాల్చాను. పదికి పది. కాగితం మీద సంతకం పెట్టి, ఈ నిమిషం నుంచే గెస్టుని తెచ్చుకోవచ్చు అన్నారాయన. నేను వెనక్కి తిరిగి "అత్తయ్యా, రండి" అన్నాను.

ఆవిడ నాకు కంగ్రాట్స్ చెప్పలేదు. లేచి, చెప్పులు విప్పబోయి, ఇది గుడి కాదని గుర్తొచ్చి మళ్ళీ తొడుక్కున్నారు. కొంగు బిగించి నడుములో దోపి, కాల్చేవాళ్ళు నిలబడే గీత దగ్గరికి నడిచారు. పిస్టల్ ఖాళీగా ఉందని చూసుకుని, ఐదు తూటాలు వేసుకున్నారు. పాత పద్ధతిలో పక్కకి తిరిగి నిలబడి, ఎడమచెయ్యి నడుము మీద పెట్టి, కుడిచెయ్యి ఒక్కటే చాపారు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత పిస్టల్ పట్టిన చెయ్యి అది. తుంపర ఆవిడ చీర మీద పడుతోంది. లైన్లో ఉన్న వాళ్ళందరూ తమ పిస్టళ్ళు బల్లల మీద పెట్టేసి ఆవిడనే చూస్తూ, మొదటి మోత కోసం ఆగారు. ఆవిడకి మాత్రం ఏ తొందరా లేదు.