లోపలి అంచు అరిగిన టైర్లు

ఒకప్పుడు చియాంగ్ మాయి నగరపు థాయ్ బాక్సింగ్ బరుల్లో థోంగ్‌బై మోచేతి దెబ్బంటే అందరికీ హడలు. ఒక పోటీలో ఎదుటివాడి కన్ను పోయాక బరి వదిలేసి, హాంగ్ డోంగ్ రోడ్డు పక్కన చక్రాల అలైన్‌మెంట్ షెడ్డు పెట్టుకున్నాడు. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. దాన్ని పళ్ల బిగువున అదిమిపెట్టి ఏళ్లు గడిపాడు.

ఆ మధ్యాహ్నం చెల్లెలి మొగుడు కంఫోన్ తన ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. పక్క సీట్లో చెల్లెలు బువా. సమెంగ్ కొండమలుపుల్లో స్నేహితులతో కార్ల పందెముందట. మలుపు తిప్పితే వెనక భాగం జారుతోంది, ఓసారి చూడమన్నాడు.

వాళ్లిద్దరూ దిగాక థోంగ్‌బై కారును లిఫ్టు మీద ఎత్తి, కిందికి దూరి చూశాడు. వెనక టైర్లు బయటివైపు కొత్తవాటిలా ఉన్నాయి. లోపలి అంచున రబ్బరు ఊడిపోయి ఉక్కు తీగలు ముళ్లలా పొడుచుకొచ్చాయి.

"మళ్లీ ఎవడిచేత కెలికించావు? వానల ముందు నేను సరిచేసి పంపానుగా!"

"చక్రాలు లోపలికి వాలి, కారు నేలకు కరుచుకుని ఉంటేనే అందం బావా. నువ్వు పెట్టిన కొలతకి కూరగాయల బండిలా ఉంది."

"వాలడం ఒక్కటేనా? రెండు చక్రాలూ చెరో దిక్కు చూస్తున్నాయి. అవి దొర్లట్లేదు, రోడ్డు మీద ఈడ్చుకుపోతున్నాయి. ఏదో మలుపులో పేలతాయి. టైర్లు మార్చి, కొలతలు సరిచేశాకే కారు కదిలేది."

"అవన్నీ రేపు చూద్దాంలే. అక్కడ మావాళ్లు కాచుకునున్నారు."

"నీకు చావాలనుంటే చావు. నా చెల్లెల్ని మాత్రం ఇక్కడ వదిలేసి పో."

"నా పెళ్లాం ఎక్కడుండాలో నువ్వు చెబుతావా? మనిషి కన్ను పీకినోడివి, నువ్వా నాకు బుద్ధి చెప్పేది!"

థోంగ్‌బై కారు దించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కంఫోన్ వీల్ పానా అందుకుని అతని ఎడమ భుజం మీద, మెడ పక్కన బలంగా కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు థోంగ్‌బైకే వినిపించింది.

అంతే, అన్నేళ్ల బిగువు తెగిపోయింది. కుడి మోచెయ్యి కంఫోన్ దవడను పగలగొట్టింది. జుట్టు పట్టి వంచి మోకాలితో డొక్కలో పొడిచాడు. వాడు పళ్లు ఉమ్ముతూ కూలినా తన్నుతూనే ఉన్నాడు.

"చచ్చిపోతాడన్నా, వదులు!" అంటూ బువా వెనకనుంచి పట్టుకుంది. ఎవరో ఏమిటో చూడకుండా థోంగ్‌బై మోచెయ్యి వెనక్కి విసిరాడు. ఆమె కనుబొమ చీలింది. వెళ్లి లిఫ్టు స్తంభానికి కొట్టుకుని పడింది.

అప్పుడు ఆగాడు.

బువా లేచి, పెనుగులాటలో అన్న జేబులోంచి కింద పడిన తాళంచెవి తీసుకుంది. మొగుణ్ణి ఈడ్చి కార్లో వేసింది.

"ఆ కారొద్దు బువా. నా బండిలో ఆసుపత్రికి తీసుకెళ్తా..."

"దగ్గరికొస్తే ఆ పానాతోనే నీ తల పగలగొడతా!"

ఒక కంట్లోకి నెత్తురు కారుతుండగానే కారు దూకించింది. థోంగ్‌బై పికప్‌లో, ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతూ వెంటపడ్డాడు. నెమ్మదిగా వెళ్లమని హారన్ మోగిస్తూనే ఉన్నాడు. హారన్ విన్నకొద్దీ ఆమె ఇంకా వేగం పెంచింది. పెద్ద రోడ్డు మలుపులో వెనక టైరు పేలింది. కారు గిర్రున తిరిగి, రోడ్డు నడిమి డివైడరు గోడను గుద్ది తిరగబడింది. పెట్రోలు కారుతుంటే, అతను విరిగిన ఎముకతో పాకి ఇద్దరినీ బయటికి లాగాడు.

కంఫోన్‌కు కార్లో నలిగిన కాలు మోకాలి కింద తీసేశారు. పోలీసులకు ముగ్గురూ టైరు పేలిన సంగతే చెప్పారు. షెడ్డులో జరిగిన గొడవ ఎవరూ ఎత్తలేదు. థోంగ్‌బై ఎడమ చెయ్యి ఆ తర్వాత భుజం దాటి పైకి లేవలేదు.

రెండేళ్లు అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. ఒక ఎండాకాలం బువా ఏదో పాత పికప్ తోలుకుని షెడ్డుకొచ్చింది. కనుబొమ మీద మచ్చ తెల్లగా ఉంది.

"ఎడమకు లాగుతోంది," అంది.

అతను చక్రాలు సరిచేస్తుంటే చాలాసేపు చూసింది.

"టైర్ల గురించి నువ్వు చెప్పింది నిజమేనన్నా. కానీ నేనంత స్పీడుగా పోయింది నువ్వు వెంటపడుతున్నావనే. పట్టుకుంటే చంపేస్తావనుకున్నా."

"నాకు తెలుసే బువా," అన్నాడతను, చక్రం మీంచి చెయ్యి తియ్యకుండా.

ఆ తర్వాత బండికి ఏ రిపేరొచ్చినా ఆమె అక్కడికే వస్తోంది. పని అయ్యేదాకా మాత్రం షెడ్డులోకి అడుగుపెట్టకుండా రోడ్డు మీదే నిలబడుతుంది.