పంకా గంటల లెక్క

మేము బతుకుతెరువుకు వలస వచ్చిన మగ్గాల పేట కామత్‌ఘర్ మొత్తంలో కరెంటు బిల్లును పై గీత నుంచి కింది గీత దాకా చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మరాఠీలో అచ్చయిన బిల్లు నాకు తెలుగు పేపరుతో సమానం. ఒకసారి కరెంటు ఆఫీసులో, కిటికీ వెనక కూర్చున్న గుమాస్తాకే ఎవరిదో బిల్లు అంతుపట్టక, దాన్ని నా వైపు తిప్పి, "కాకా, జరా దేఖో" అన్నాడు. నేను చూసి చెప్పాను. ఆయన తల ఊపాడు. వెనక వరుసలో నిలబడ్డవాళ్లంతా చూశారు.

ఈ మాట ఇరవై ఏళ్లకు పైగా చెబుతున్నాను. చెప్పి చెప్పి నేనే నమ్మేశాను.

తొంభైల చివర్లో మేమున్న చాల్‌లో ఎనిమిది గదులు ఒకే వరుసలో ఉండేవి. పైన సిమెంటు రేకులు. గోడకు అవతల కరెంటు మగ్గాల కార్ఖానా. ఎనిమిది గదులకూ కలిపి ఒకటే మీటరు, సందు మొదట్లో, తలుపు ఊడిపోయిన చెక్కపెట్టెలో. ఇంటి సేఠ్ నెల మొదట్లో కిరాయి కోసం వచ్చేవాడు గానీ, కరెంటు సంగతి మీలో మీరు చూసుకోండి అనేవాడు. మేము చూసుకున్న పద్ధతి పాయింట్ల పద్ధతి. బల్బుకు ఒక పాయింటు, పంకాకు రెండు, టీవీకి రెండు. బిల్లును మొత్తం పాయింట్లతో భాగిస్తే ఎవరి వంతు వారికి తేలేది. ఆ భాగహారం నాది. గడప గడపకూ తిరిగి వసూలు చేయడం, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి కట్టి రావడం కూడా నాదే. చివరి తేదీ దాటితే లైన్‌మన్ నిచ్చెన వేసుకొని వచ్చి తీగ తీసేసేవాడు. నా చేతిలో లెక్క ఉన్నన్నాళ్లూ ఆ తీగ ఒక్కసారి కూడా తీయలేదు.

సరే, రెండుసార్లు తీశారు.

చివరి గదిలో మా జిల్లా నుంచే వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. చుట్టరికం లేదు గానీ నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ముప్పై ఏళ్లు మగ్గం నడిపిన మనిషి. దూది నుసి ఛాతీలో చేరి, నాలుగడుగులు వేస్తే ఊపిరి అందేది కాదు. పని మానేసి తలుపు దగ్గర మంచం వేసుకొని పడుకొనేవాడు. వదిన బీడీలు చుట్టి ఇల్లు నడిపేది. రేకుల కింద, ఆ ఉక్కలో, ఆయన నెత్తి మీద పంకా తిరుగుతుంటేనే కాస్త గాలి లోపలికి పోయినట్టు ఉండేదట. అందుకని ఆ పంకా రాత్రింబవళ్లు తిరిగేది. పాయింట్ల పద్ధతిలో అది ఎంతసేపు తిరిగినా రెండు పాయింట్లే.

ఒక ఎండాకాలం మొదట్లో బిల్లు ఒక్కసారిగా పెరిగింది. సాయంత్రం ఎనిమిది గదులవాళ్లూ సందులో నిలబడ్డారు.

"ఏంది గిది? పోయిన నెల గింత లేకుండె," అన్నాడు రెండో గది అతను.

"ఎందుకు పెరిగిందో బిల్లులనే రాసుంటది గదా. కాకకు మరాఠీ వస్తది, చదువుమను," అంది ఇంకొకామె.

అందరూ నా మొహం చూశారు. ఇక్కడ ఒప్పుకోవాలి. నాకు మరాఠీ రాదు. బిల్లులో నాకు తెలిసినవి రెండే: కట్టాల్సిన మొత్తం, చివరి తేదీ. మిగతా గీతలూ గడులూ నాకు గోడ మీది బీటలతో సమానం. గుమాస్తా నన్ను అడిగింది కూడా బిల్లు చదవమని కాదు, పక్కకు జరగమని. అయినా ఎనిమిది ఇళ్ల ముందు రాదని ఎట్లా అంటాను? బిల్లును వెలుతురుకు పెట్టి, కళ్లు చిట్లించి, చాలాసేపు చూసి, "వాడకం ఎక్కువైందని రాశిండ్రు," అన్నాను.

"ఎవరి వాడకం?"

ఎవరూ చివరి గది వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ కష్టపడ్డారు.

రెండో గది అతనే అన్నాడు. "నేను పాళీకి పోతే మా ఇంట్ల పంక బందుంటది. పన్నెండు గంటలు. అయినా నాకు రెండు పాయింట్లే, రాత్రింబగళ్లు తిప్పేటోళ్లకు రెండు పాయింట్లే. గిదేం హిసాబ్?"

అప్పుడు నాకు బుర్ర వెలిగింది. "ఇకనుంచి గంటల లెక్క," అన్నాను. ఏ ఇంట్లో ఏది రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో కాపీ పుస్తకంలో రాసుకొని, గంటలతో బిల్లును పంచుదామన్నాను. "బరాబర్," అన్నారు అందరూ. మేమంతా మగ్గాల మీద బతికినవాళ్లం. మగ్గం ఎన్ని గంటలు ఆడితే అంత గుడ్డ, అంత కూలి. కరెంటు కూడా గంటల ప్రకారమే కాలుతుందని అనుకున్నాం. వేరే రకంగా ఉంటుందన్న అనుమానమే మాకు రాలేదు.

నెలాఖరున గంటలు అడుగుతూ తిరిగాను. టీవీ ఉన్నవాళ్లు రోజుకు గంట అన్నారు. వాళ్ల టీవీ నాకు గోడలోంచి పొద్దంతా వినిపించేది, అయినా గంటే రాసుకున్నాను. చివరి గదిలో వదిన మాత్రం బీడీ ఆకు కత్తిరిస్తూ తలెత్తకుండా, "బందు చేసేది లేదు తమ్మీ, నీకు తెల్వనిదా," అంది. ఇరవై నాలుగు అని రాశాను. వాళ్ల వంతు మూడింతలకు దగ్గరగా పోయింది. ఆమె బీడీల పైసల్లోంచి తీసి, మడత విప్పి నా చేతిలో పెట్టింది.

నా కాపీలో పంకాలున్నాయి, బల్బులున్నాయి, టీవీలున్నాయి. నీళ్లు కాగబెట్టే కరెంటు రాడ్డు లేదు. ఆ రాడ్డు మా ఇంట్లో ఉంది. స్టవ్వులోకి ఘాస్లేటు కోసం రేషన్ వరుసలో నిలబడలేక కొన్నాను. స్నానాల మూల పరదా వెనక బకెట్లో వేసేవాళ్లం. చెబుదామని మా ఆవిడ అంది. "పొద్దుకు గంటే గదా, పంక ముందర అదెంత?" అన్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను. దాచింది మాత్రం కావాలనే దాచాను.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం చివరి గది ముందు నుంచి పోతుంటే పంకా ఆగి ఉంది. పెద్దాయన దిండుకు ఆనుకొని, అట్టముక్కతో విసురుకుంటున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గోడ అవతల మగ్గాలు ఆడుతున్నాయి, అంటే కరెంటు ఉన్నట్టే.

"ఏంది అన్నా, పంక ఖరాబయ్యిందా?"

"లేదు తమ్మీ. బంద్ వెట్టిన." మాటకూ మాటకూ నడుమ ఊపిరి తీసుకున్నాడు. "పన్నెండు నుంచి మూడు దాంక బంద్. మళ్ల తెల్లారగట్ల రెండు గంటలు. నీ కాపీల అయిదు తగ్గుతయి. రాసుకో."

"ఎండపూట బంద్ చేస్తే ఎట్ల?"

"సాయంత్రమైతే ఆమె ఇక్కడ కూసోని బీడీలు చుడ్తది. ఆమెకన్న గాలి రావాలె గదా." నవ్వాడు. "లైట్ వోయినప్పుడు మంచిగుంటది తమ్మీ. అందరియి బందుంటయి. నాదొక్కటే బందున్నట్టు అనిపియ్యది."

నేను కాపీ తీసి పంతొమ్మిది అని రాసుకున్నాను. అదీ నేను చేసింది.

తర్వాత కొన్నాళ్లకు మా ఇంటి పంకా కాలిపోయింది. ధామన్కర్ నాకా కూడలి దగ్గర మోటార్లకు తీగ చుట్టే దుకాణానికి తీసుకుపోయాను. చుట్టేవాడు మనవాడే. అతను పని చేస్తుంటే ఊరికే కూర్చోలేక, నా గంటల లెక్క గొప్ప చెప్పాను. చుట్టడం ఆపి నన్ను చూశాడు.

"ఎన్ని గంటలు తిరిగిందని కాదు కాకా. గంటకు ఎంత గుంజుతదని చూడాలె. పంక ఏం గుంజుతది? నీళ్ల రాడ్డు ఎవలింట్లనన్న ఉన్నదా?"

"ఉంటే?"

"అది గంటసేపు గుంజేది, పంక దినమంత తిరిగినా గుంజది."

అతనికి పైసలిచ్చి, పంకా చంకన పెట్టుకొని, ఆటో ఎక్కకుండా నడిచి వచ్చాను. చాల్ మొత్తంలో కరెంటు ఎక్కువ తిన్న ఇళ్లలో మాది ఒకటి. ఆ పైసలు కట్టింది ఊపిరాడని మనిషి.

ఇంటికి కూడా పోకుండా నేరుగా చివరి గదికి వెళ్లాను. "అన్నా, లెక్క తప్పయ్యింది. తప్పు నాదే. ఇగ నువ్వు పంక బంద్ చెయ్యొద్దు, నీ వంతు నేను కడ్త," అన్నాను. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు. నేనే లేచి స్విచ్చు వేశాను. రెక్కలు మెల్లగా కదిలి, వేగం అందుకున్నాక, ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత నెలరోజుల పాటు ఆ పంకా ఆగలేదు. వానలు పడకముందే ఆయన పోయాడు. పంకా ఆపడం వల్లే పోయాడని ఏ డాక్టరూ అనలేదు. ఛాతీ అప్పటికే పాడైపోయిందన్నారు. నేనూ ఆ మాటనే పట్టుకొని ఉన్నాను. పోయేముందు నెలరోజులైనా ఆయన గాలి కింద పడుకున్నాడన్నది నాకు మిగిలిన ఊరట.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు, మతి మాత్రం గట్టిది. చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ మొత్తం విన్నది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది. ఎట్లుంది?"

"ఆ దినం నువ్వు పోలే. నాకా నుంచి సీదా ఇంటికొచ్చి నాకు చెప్పినవ్. పోయి చివరి గది బావకు చెప్పుమన్న. ఇప్పుడంటే రాడ్డు సంగతి బయటవడ్తది, ఈ నెల బిల్లు కట్టినంక చెప్త అన్నవ్. బిల్లు రాకముందే ఆయన పాయె. స్విచ్చు నువ్వే ఏసినవ్, గది నిజమే. దినాలకు వచ్చినోళ్లకు ఉక్కపోస్తుందని ఏసినవ్."