దేవిక గది గడియ

మా వీధి హనుమాన్‌ప్రసాద్ పెళ్లాన్ని గదిలో పెట్టి తాళం వేస్తున్నాడని తెనాలంతా పాకింది. మిట్టమధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసేసి, ఫ్యాను కూడా లేకుండా ఉంచుతాడట! అదేంటో చూద్దామని నేనే వెళ్లి తలుపు తట్టాను.

తాళం లేదు, లోపలి గడియే. తీసింది అతని పెళ్లాం దేవికే. చీర చెమటకి తడిసి ముద్దయింది.

"ఫ్యానన్నా వేసుకోవేంటే, ఉడికిపోతావు!"

"గాలి తగిలితే రంగు స్క్రీనులోనే ఆరిపోద్దండి పిన్నిగారూ. ఆ సన్న కన్నాలు పూడిపోతే ఇక పారెయ్యడమే," అంటూనే బల్ల దగ్గరికి పరిగెత్తింది.

స్క్రీను అనే వలగుడ్డ చట్రంలోంచి రంగు దించి, పెళ్లిళ్లలో పంచే తాంబూలం సంచుల మీద వధూవరుల పేర్లు అచ్చువేస్తుంది దేవిక. అచ్చుపడ్డ సంచి దండెం మీద బాగా ఆరాలి, ఆపైన ఇస్త్రీపెట్టె వేడి తగలాలి. లేకపోతే మొదటి ఉతుక్కే పేర్లు కొట్టుకుపోతాయి. స్క్రీనులో రంగు మాత్రం తడారకూడదు. అందుకని మొదలెడితే లేవదు. ఒక ముహూర్తం సంచులు అయ్యేలోపు ఇంకో ముహూర్తం వచ్చిపడుతుంది.

రేపల్లెలో దేవిక చెల్లెలికి బిడ్డ పుట్టి అయిదు నెలలు. రైలెక్కితే గంట. ఇంతవరకు చూడలేదు. ఫొటో మాత్రం బల్లకెదురుగా గోడకి అంటించుకుంది.

ఉండబట్టలేక అడిగేశాను. "నిన్నెవరన్నా వెళ్లొద్దన్నారా, అమ్మాయ్?"

"ఎవరూ అనలేదండి. ఆయన రెండుసార్లు టిక్కెట్టు కూడా తీశారు," అంది తలెత్తకుండా. "ఆ తలుపు వేసెయ్యండి పిన్నిగారూ, గాలొస్తోంది."